పాత్రలతో పంక్తిభోజనం

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో, పిల్లలకు నాలుగైదేళ్ళు రాగానే, ఫ్లోరిడా ప్రయాణం ప్రస్తావనకు వస్తుంది. విమానం టిక్కెట్లు, హోటలు గది, పార్కు ప్రవేశ రుసుము, వీటి గురించి పెద్దగా తర్జనభర్జనలు ఉండవు. అవి తప్పని ఖర్చులు. తప్పించుకోగలిగిన ఖర్చు దగ్గరే ఆలుమగల మధ్య వాదం మొదలవుతుంది. మిక్కీ మౌస్ మన బల్ల దగ్గరకు వచ్చి, పిల్లవాణ్ణి కౌగలించుకొని, ఫొటోకు నిలబడి, పక్క బల్లకు వెళ్ళిపోయే ఉదయపు ఫలహారానికి మనిషికి యాభై డాలర్లకు పైగా పెట్టవచ్చునా? దీనినే అక్కడ క్యారెక్టర్ డైనింగ్ అంటారు.

తెలుగులో పాత్ర అంటే వేషమూ అవుతుంది, వంటగిన్నె కూడా అవుతుంది. ఈ వ్యవహారంలో మనం డబ్బు పెడుతున్నది ఏ పాత్రకు అన్న సంగతి తేలితే, పెట్టవచ్చునో లేదో తేల్చడం సులభం. అది తేలాలంటే కొంచెం వెనక్కు వెళ్ళాలి. డిస్నీ పుట్టకముందుకే వెళ్ళాలి.

1893లో చికాగోలో కొలంబియన్ ప్రపంచ ప్రదర్శన జరిగింది. ఆ ఏడాది, ఆ ఊరు అనగానే మనకు గుర్తుకు వచ్చేది స్వామి వివేకానంద. ఆయన ప్రసంగించిన సర్వమత మహాసభ ఆ ప్రదర్శనకు అనుబంధంగా జరిగినదే. అదే ప్రదర్శనలో ఆర్. టి. డేవిస్ మిల్లింగ్ కంపెనీ అనే పిండిమర కంపెనీ ఒక పెద్ద పిండిపీపా ఆకారంలో అంగడి కట్టి, పాన్‌కేకుల పిండిని అమ్మకానికి పెట్టింది. పాన్‌కేకు అంటే మన మెత్తటి తీపి అట్టు వంటిదే. ఆ పిండి పేరు ఆంట్ జెమైమా. ఈ పేరు ఏ మనిషిదీ కాదు. తెల్లవారు మొహాలకు నల్లరంగు పూసుకొని నల్లవారిని వెక్కిరిస్తూ ఆడే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు ఆ రోజులలో ఉండేవి. అటువంటి ప్రదర్శనలో వినిపించిన ఒక పాట నుంచి ఆ పేరును 1889లో తీసుకున్నారు.

ఆ పేరుకు ఒక ప్రాణమున్న మనిషి కావలసి వచ్చింది. నాన్సీ గ్రీన్ అనే ఆమెను కుదుర్చుకున్నారు. ఆమె 1834లో కెంటకీలో బానిసగా పుట్టింది. చికాగోలో ఆమెకు తలగుడ్డ చుట్టి, ఏప్రన్ కట్టించి, జనం ఎదుట పాన్‌కేకులు కాలుస్తూ, పాతకాలపు దక్షిణాది తోటల కబుర్లు నవ్వుతూ చెప్పే పని అప్పగించారు. బానిసత్వాన్ని అనుభవించిన మనిషి చేత, ఆ బానిసత్వం ఎంత కమ్మగా ఉండేదో చెప్పించారన్న మాట. జనం విరగబడి వచ్చారు. వచ్చినవారు తిన్నది పిండివంటే అయినా, ఇంటికి వెళ్ళి చెప్పుకున్నది ఆమె గురించి. ఒక కల్పిత పాత్ర ప్రాణంతో ఎదురుగా నిలబడి, తన చేత్తో తినుబండారం అందిస్తే, దాని గిరాకీ మరో విధంగా ఉంటుందని వ్యాపారులకు అక్కడ బోధపడింది. నేటి క్యారెక్టర్ డైనింగ్ వంశవృక్షాన్ని నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

నాన్సీ గ్రీన్ 1923లో చికాగోలో కారు ప్రమాదంలో మరణించింది. దాదాపు నూరేళ్ళు ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2020లో వేశారు. ఆ కంపెనీ వారు ఆ పేరునూ బొమ్మనూ తీసివేస్తామని ప్రకటించినది కూడా ఆ 2020లోనే. వేషానికి నూటముప్పై ఏళ్ళ ఆయుష్షు, వేషం కట్టిన మనిషికి గుర్తుతెలియని సమాధి.

మధ్యలో ఇంకొక ఘట్టం ఉంది. దీనిలో వేషాలు లేవు, కాని మన లెక్కకు పనికివస్తుంది. కాలిఫోర్నియాలోని బ్యూనా పార్కులో నాట్ దంపతులు బెర్రీ పండ్ల తోట వేసుకొని బతికేవారు. 1934లో, ఆర్థికమాంద్యపు రోజులలో, కార్డీలియా నాట్ తన పెళ్ళినాటి పింగాణీ పళ్ళేలలో ఎనిమిది మందికి కోడికూర భోజనం పెట్టింది. భోజనం 65 సెంట్లు. రుచి ఊరంతా పాకి, కొన్నేళ్ళకు భోజనం కోసం గంటల తరబడి వరుసలో నిలబడే స్థితి వచ్చింది. నిలబడిన వారికి కాలక్షేపం ఉండాలని ఆమె భర్త వాల్టర్ నాట్ 1940లో అక్కడే పాతకాలపు ఘోస్ట్ టౌన్ కట్టడం ప్రారంభించాడు. నేటి నాట్స్ బెర్రీ ఫార్మ్ అనే వినోదవనం అలా పెరిగింది. అక్కడ తిండి బాగుండడం వల్ల జనం వేచి ఉన్నారు, వేచి ఉండడం వల్ల వినోదం పుట్టింది.

దానికి కొద్ది మైళ్ళ దూరంలో, ఆనహైమ్‌లో, 1955 జూలై 17న డిస్నీలాండ్ తెరిచారు. అక్కడ వరుస తిరగబడింది. వినోదం ముందు, తిండి తరువాత. ఆ ఏడాదే అక్కడి ఫ్రాంటియర్‌లాండ్‌లో ఆంట్ జెమైమా పాన్‌కేక్ హౌస్ అనే భోజనశాల వెలిసింది. చికాగో పాత్ర అరవై రెండేళ్ళ తరువాత కాలిఫోర్నియాలో దిగింది. ఎయిలీన్ లూయిస్ అనే నల్లజాతి మహిళ ఆ వేషంలో అతిథుల మధ్య తిరుగుతూ, పలకరిస్తూ, వారితో ఫొటోలు దిగుతూ ఉండేది. 1964లో మరణించేవరకూ ఆ పాత్ర ఆమెదే. 1961 నవంబరులో జవాహర్‌లాల్ నెహ్రూ డిస్నీలాండ్ చూడడానికి వెళ్ళారు. ఆమె చేతుల మీదుగా పాన్‌కేకులు అందుకున్న ప్రముఖులలో ఆయన పేరు కూడా చెబుతారు. ఆనాటి పాన్‌కేక్ హౌస్ ఉన్నచోట ఇప్పుడు రివర్ బెల్ టెరస్ అనే భోజనశాల ఉంది.

పాత్ర పేరుతో భోజనశాల, బల్లల మధ్య తిరిగే పాత్ర, ఆ పాత్రతో ఫొటో. నేటి క్యారెక్టర్ డైనింగ్‌లో ఉన్నవన్నీ అప్పుడే ఉన్నాయి. లేనిది ఒక్కటే, ధర. ఆమెను చూసినందుకు ప్రత్యేకంగా ఎవరూ సొమ్ము కట్టలేదు. పాన్‌కేకులకు పాన్‌కేకుల ధర ఇచ్చారు.

మిక్కీ సంగతి కూడా అప్పట్లో అంతే. ఆరంభంలో డిస్నీలాండ్‌లో తిరిగిన మిక్కీ, మిన్నీ వేషాలు ఐస్ కెపేడ్స్ అనే మంచు మీది నాట్యబృందం వారి నుంచి ఎరువు తెచ్చుకున్నవి. ఇప్పుడు ఆ ఫొటోలు చూస్తే పిల్లలు జడుసుకోవడం ఖాయం. ఆ వేషాలు వీధిలో తిరిగేవి, ఎదురుపడిన పిల్లలతో చేతులు కలిపేవి. మన పగటివేషాలవారు గుర్తుకు వస్తారు. వారూ వీధిలోనే ఆడేవారు, చూడడానికి టిక్కెట్టు లేదు. తేడా ఏమిటంటే, మన ఊళ్ళో వేషగాడు గడప దగ్గరకు వచ్చి బియ్యం పుచ్చుకొని వెళ్ళేవాడు. ఇక్కడ మనమే వేషగాడి గడపకు వెళ్ళి, అతని సమక్షంలో తినడానికి సొమ్ము చెల్లిస్తున్నాము.

మరి ఉచితంగా వీధిలో దొరికిన మిక్కీ బల్ల దగ్గరకు ఎలా చేరాడు? జనం పెరిగారు. డిస్నీలాండ్‌కు మొదటి ఏడాది వచ్చినవారు సుమారు 36 లక్షలు. ఫ్లోరిడాలోని మ్యాజిక్ కింగ్‌డమ్‌కు ఈ మధ్య కాలంలో ఏడాదికి కోటీ డెబ్బై లక్షలకు పైగా వస్తున్నారని అంచనా. అంత జనంలో ఒక వేషం వీధిలోకి వస్తే గుంపు మూగుతుంది, చిన్నపిల్లలు వెనకబడిపోతారు. మిక్కీకి అరవై ఏళ్ళు నిండిన 1988లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మిక్కీస్ బర్త్‌డేలాండ్ అనే విభాగం తెరిచి, అతనికి ఒక ఇల్లు, వేషం మార్చుకొనే గది కట్టి, కలవాలనుకొనేవారిని వరుసలో నిలబెట్టారు. 1993లో డిస్నీలాండ్‌లోనూ టూన్‌టౌన్ పేరిట మిక్కీకి ఇల్లు వచ్చింది. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ మలుపు ఇదే. యాదృచ్ఛికంగా ఎదురయ్యే స్నేహితుడు దర్శనమిచ్చే దేవుడయ్యాడు. దర్శనమన్నాక క్యూ ఉంటుంది. క్యూ ఉన్నాక, తిరుమల చూసినవారికి వేరే చెప్పాలా, ప్రత్యేక దర్శనం టిక్కెట్టూ వస్తుంది.

ఆ ప్రత్యేక దర్శనమే క్యారెక్టర్ డైనింగ్. దాని పద్ధతి అంతకుముందే ఉంది. వాల్ట్ డిస్నీ భార్య లిలియన్ పేరు పెట్టి 1977లో ఫ్లోరిడాలో నిలిపిన ఎంప్రెస్ లిల్లీ అనే పడవ ఆకారపు భోజనశాలలో పాత్రలతో ఉదయపు ఫలహారం పెట్టేవారు. అప్పటికది ఒక ముచ్చట. అవసరంగా మారింది తొంభైలలో. 1990లో అక్కడి అంగళ్ళ సముదాయంలో మొదలైన షెఫ్ మిక్కీస్ 1995 డిసెంబరులో కాంటెంపరరీ హోటలుకు మారింది. ఆ హోటలు నడిమధ్య నుంచి మోనోరైలు దూసుకుపోతుంది. దాని కింద మిక్కీ వంటవాడి టోపీ పెట్టుకొని బల్ల బల్లకూ తిరుగుతాడు. అక్కడ నుంచి ఈ భోజనం ఒక సంస్థ అయి కూర్చుంది.

కోటలోని భోజనశాల కథ వేరు. మ్యాజిక్ కింగ్‌డమ్ నడుమ ఉన్నది సిండరెల్లా కోట. 1971లో దానిలోని భోజనశాలకు కింగ్ స్టీఫెన్స్ బాంక్వెట్ హాల్ అని పేరు పెట్టారు. స్టీఫెన్ రాజు స్లీపింగ్ బ్యూటీకి తండ్రి, సిండరెల్లాకు ఏమీ కాడు! ద్వారకలో దశరథుడి పేర భోజనశాల పెట్టినట్లు. ఈ పొరపాటును ఇరవై ఆరేళ్ళు భరించి 1997లో సిండరెల్లాస్ రాయల్ టేబుల్ అని మార్చారు. 2000 తరువాతి సంవత్సరాలలో ఆ కోటలో ఫలహారానికి చోటు సంపాదించడం ఒక వ్రతంలా తయారయింది. నెలల ముందే, తూర్పు సమయం ఉదయం 7 గంటలకు టెలిఫోను లైను తెరవగానే పిలవాలి, నిమిషాలలో అయిపోయేవి. కాలిఫోర్నియాలో ఉన్నవారికి అది తెల్లవారుజామున నాలుగు గంటలు, బ్రాహ్మీ ముహూర్తం. 2005లో డిస్నీ వారు భోజనాలకు ముందే సొమ్ము కట్టే డైనింగ్ ప్లాన్ ప్రవేశపెట్టడంతో ఈ భోజనాల మీద ఒత్తిడి ఇంకా పెరిగింది. ముందే కట్టిన సొమ్ము కాబట్టి, ఖరీదైన చోట తింటేనే గిట్టుబాటు అన్న లెక్క మనుషులకు సహజంగా తోస్తుంది. ఆ ప్లాన్ 2020లో ఆగి, 2024 జనవరిలో తిరిగి వచ్చింది.

2020 మార్చిలో పార్కులు మూతపడి జూలైలో తెరుచుకున్నాయి. తరువాత ఈ భోజనాలు మళ్ళీ మొదలైనప్పుడు పాత్రలు కొన్ని అడుగుల దూరంలో నిలబడి చేయి ఊపి వెళ్ళేవి. తాకడం లేదు, కౌగిలి లేదు. 2022 ఏప్రిల్ 18న కౌగిలింతలు తిరిగి మొదలయ్యాయి. ఈ మధ్యలోనే, 2021లో, ఇంకొక మార్పు జరిగింది. 1999 నుంచి ఉచితంగా ఇస్తూ వచ్చిన ఫాస్ట్‌పాస్ పద్ధతిని తీసివేసి, క్యూ తప్పించుకొనే వీలును సొమ్ముకు అమ్మసాగారు. అంతకు పాతికేళ్ళ ముందు నుంచి ఫలహారం చాటున అమ్ముతున్న సరుకునే అప్పుడు బాహాటంగా అంగట్లో పెట్టారని నేను అనుకుంటాను.

ఆ సరుకు నిలబడవలసిన కాలం. నాట్ దంపతుల తోటలో తిండి కోసం నిలబడేవారు, ఇక్కడ నిలబడకుండా ఉండడం కోసం తింటున్నారు. కనుక పళ్ళెంలోని తిండికి ధర కట్టి, ఇంత ఖరీదా అని నొచ్చుకోవడం సరైన లెక్క కాదు.

సరైన లెక్క ఇలా చూడవచ్చు. తల్లిదండ్రులు, ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ, తాతయ్య, అయిదేళ్ళ పాప, పదకొండేళ్ళ బాబు, మొత్తం ఆరుగురు. డిస్నీ లెక్కలో పదేళ్ళు నిండితే పెద్దవారే. మూడు నుంచి తొమ్మిదేళ్ళ వారికి పిల్లల ధర, మూడేళ్ళలోపు వారికి ధర లేదు. హోటలులో ఉదయపు ఫలహారం పెద్దలకు 55 డాలర్లు, పాపకు 35 అనుకుందాం. అయిదుగురు పెద్దలకు 275, పాపతో కలిపి 310. ఆరుగురు అయితే 18 శాతం టిప్పు బిల్లులోనే వేసేస్తారు. పన్ను కూడా కలిస్తే 385 డాలర్ల పైమాట. తాతయ్య దీన్ని వెంటనే రూపాయలలోకి మారుస్తారు. ముప్పై వేలు దాటిందని తేలాక ఆయనకు ఆ పూట కాఫీ కూడా దిగదు.

దీనికి బదులు వచ్చేదేమిటి? షెఫ్ మిక్కీస్‌లో మిక్కీ, మిన్నీ, డోనాల్డ్, గూఫీ, ప్లూటో వస్తారు. ఒక్కొక్కరు బల్ల దగ్గర ఉండేది నిమిషం, రెండు నిమిషాలు. అంటే పది నిమిషాలు మించదు. ఇదే అయిదుగురినీ పార్కులో విడివిడిగా కలవాలంటే, క్యూకు అరగంట చొప్పున వేసుకున్నా రెండున్నర గంటలు ఎండలో నిలబడాలి. పార్కు టిక్కెట్టు కొన్న రోజున ఆ రెండున్నర గంటలకు ఎంత విలువ కడతారో ఎవరి లెక్క వారిది. ఒకే ఒక్క మిక్కీని చూస్తే చాలుననుకొనే పిల్లలకు క్యూయే నయం. అరగంటలో పని అయిపోతుంది, 385 డాలర్లు మిగులుతాయి.

వయసు విషయంలో నా అభిప్రాయం కొంచెం కఠినం. రెండేళ్ళ పిల్లలకు ధర లేదు గదా అని సంబరపడనక్కరలేదు. ఆ వయసులో అంత పెద్ద తలకాయ దగ్గరకు వస్తే చాలామంది బిక్కచచ్చి ఏడుస్తారు. పదకొండేళ్ళ బాబుకు పెద్దల ధర కట్టాలి, వాడికి లోపల మనిషి ఉన్నాడని తెలుసు, చెల్లెలి ముందు ఆ సంగతి చెప్పకుండా ఉంటే అదే పదివేలు. నాలుగు నుంచి ఏడేళ్ళ మధ్య పిల్లలు ఇంట్లో లేకపోతే ఇది అపాత్రదానమే.

శాకాహారుల సంగతి వేరుగా చెప్పాలి. పళ్ళు, బంగాళాదుంపలు, రొట్టె, పాన్‌కేకులు, వాఫుల్స్ ఉంటాయి. కాని గుడ్డు కూడా ముట్టని అమ్మమ్మకు వాటిలో చివరి రెండూ పనికిరావు. 55 డాలర్లకు పుచ్చకాయ ముక్కలు తిన్నానని ఆమె ఊళ్ళో ఏళ్ళ తరబడి చెప్పుకుంటుంది. బల్ల ఖరారు చేసుకొనేటప్పుడే ఆహార నియమం తెలియజేసి, అక్కడికి వెళ్ళాక మళ్ళీ చెబితే వంటవారు మాట్లాడి విడిగా ఏర్పాటు చేస్తారు. ఈ ఒక్క విషయంలో మొహమాటపడితే నష్టం మనకే.

అయినా, అమ్మమ్మ, తాతయ్య ఉన్న కుటుంబమే ఈ భోజనానికి వెళ్ళదగినదని నేను అంటాను. అమ్ముతున్నది నిలబడవలసిన కాలమే అయినప్పుడు, నిలబడలేనివారికే దాని అవసరం ఎక్కువ. డెబ్బై ఏళ్ళ మోకాళ్ళతో క్యూలలో ఈడ్చుకుంటూ వెళ్ళి, ఆ అపురూప క్షణానికి ఎక్కడో బెంచీ మీద కూలబడే తాతయ్య, ఇక్కడ కుర్చీలో కూర్చొని మనవరాలి మొహం చూడగలడు. ఇంకొకటి, తల మొత్తం కప్పే తొడుగుతో ఉండే పాత్రలు మాట్లాడవు, సైగలే. ఇంగ్లీషు రాదని వారం రోజులుగా అందరి మధ్యా ముడుచుకొని కూర్చున్న అమ్మమ్మకు, ఆ దేశంలో భాష అడ్డురాని మొదటి పరిచయస్తుడు ఆ ఎలుకే కావచ్చు.

వెళ్ళేవారు కోటకు కాక హోటలుకే వెళ్ళడం మంచిది. కోటలో ధర ఇంకా ఎక్కువ. పైగా అది పార్కు లోపల ఉంది కాబట్టి ఆ రోజుకు అందరికీ పార్కు టిక్కెట్టు ఉండాలి. హోటలు ఫలహారానికి టిక్కెట్టు అక్కరలేదు, అందుచేత ఊరు చేరిన మరునాడో, తిరుగు ప్రయాణం రోజునో పెట్టుకోవచ్చు. పదిన్నర ప్రాంతంలో చోటు దొరికితే మధ్యాహ్న భోజనం ఖర్చు కూడా కలిసివస్తుంది. ఇప్పుడు 60 రోజుల ముందు నుంచి బల్ల ఖరారు చేసుకోవచ్చు. అనుకున్న రోజుకు రాలేకపోతే ముందుగా రద్దు చేసుకోవాలి, లేకపోతే మనిషికింత అని జరిమానా పడుతుంది. ఒక్క ప్రయాణానికి ఒక్కసారి చాలు. రెండోసారికి పిల్లలు పాత్రల మొహం చూడడం మాని, పళ్ళెంలోని మిక్కీ ఆకారపు వాఫుల్ చెవులు ఎవరు ముందు తింటారని పోట్లాడుకుంటారు.